మామ పక్కన పెట్టిన కాగితాలు

పట్నంల, నాచారంల మా మామ ఇంట్ల నేను ఆరేండ్లు ఉన్న. మా అమ్మకు తమ్ముడు ఆయన. జనగామ దిక్కు మా ఊర్ల నా ఇంటర్ అయిపోంగనే, "పిల్లకు లెక్కలు మంచిగొస్తయి, హాస్టల్ల ఎందుకు, మా దగ్గరుండి సదువుకుంటది" అని తనే వచ్చి బస్సెక్కించుకొని తీస్కపోయిండు. మామకు, అత్తకు పిల్లలు లేరు. రెండు అర్రల ఇల్లు. ముందటి అర్రల ఒక మూలకు నా మంచం, ఇంకో మూలకు అత్త కుట్టుమిషన్, నడుమ మామ పనిముట్ల పెట్టె. ఆ పెట్టెకు తగలకుండ నడుసుడు నేర్చుకునేసరికి నా బీటెక్ మొదటి ఏడాది గడిచిపోయింది.

మామ నాచారం ఇండస్ట్రియల్ ఏరియాల ఒక ఫౌండ్రీల ప్యాటర్న్ మేకర్. ఆ పని ఏందో చాలామందికి తెల్వదు. ఇనుముతోని ఏదన్న పోత పొయ్యాల్నంటే ముందు అదే ఆకారం కట్టెతోని చెక్కాలె. ఆ కట్టెను ఇసుకల ఒత్తి తీస్తే గుంత పడ్తది. ఆ గుంతల కరిగిన ఇనుము పోస్తరు. కట్టెతోని చేసిన ఆ మొదటి ఆకారమే ప్యాటర్న్. మామ ఎక్కువగా నీళ్ల పంపుల లోపట తిరిగే ఇంపెల్లర్లకు ప్యాటర్న్‌లు చెక్కుతుండె. చిన్నచిన్న వంపు రెక్కలు గుండ్రంగ పేర్చినట్టు ఉంటయి అవి. పాత పంపులు రిపేరుకొస్తే పనిగట్టుకొని పోయి చూసేటోడు. రెక్క వంపు సరిగ్గ లేని కాడ నీళ్లు దాన్ని విడిచిపెడ్తయట. అక్కడ ఇనుము చెద పట్టినట్టు గుంటలు గుంటలు పడ్తదట. ఇరవై ఏండ్లు ఆ గుంటలను చూసిన మనిషి ఆయన.

తెలంగాణ రావడానికి ఏడెనిమిదేండ్ల ముందు సంగతి ఇది. ఎంటెక్ రెండో ఏడు నడుస్తున్నది. మా కాలేజి ఉప్పల్ దాటి, మేడిపల్లి ఇంకా అవతల, వరంగల్ రోడ్డు మీద. పొద్దున నాచారంల బస్సెక్కి ఉప్పల్‌ల దిగి, రింగ్ రోడ్డు కాడ ఇంకో బస్సు పట్టుకునేది. మా సార్ నాకు ఇచ్చిన ప్రాజెక్టు విమానం రెక్క. రెక్కను అడ్డంగ కోస్తే కనబడే ఆకారం ఎట్లుంటే అది గాలిల తక్కువ గుంజుడుతోని ఎక్కువ బరువును లేపుతదో కనుక్కోవాలె. దానికి ఎవల్యూషనరీ అల్గారిథం అనే పద్ధతి వాడాలె. చెప్తే చాలా సులువు. మొదలు నలభై ఆకారాలు అడ్డదిడ్డంగ తయారు చేస్తం. ఒక్కొక్కదాని మీంచి గాలి ఎట్ల పోతదో కంప్యూటర్ లెక్క కడ్తది. మంచిగున్నవాటిని ఉంచి, మిగిలినవాటిని తీసేస్తం. ఉంచినవాటిని జతలు కలిపి, అక్కడక్కడ కొంచెం మార్చి, మళ్లా నలభై పిల్ల ఆకారాలు. అట్ల తరం తర్వాత తరం.

సులువు కానిది ఆ లెక్క. ల్యాబుల ఉన్న కంప్యూటర్‌కు ఒక్క ఆకారం లెక్క తేల్చడానికి అర్ధగంట పట్టేది. సాయంత్రం ల్యాబుకు తాళం వేసేటప్పుడు నడుస్తనే ఉండేది. పొద్దున పోయి చూస్తే కరెంటు పోయి, నడుమల ఆగిపోయి, తెర నల్లగ ఉండేది. ఒక తరం గడవడానికి రెండు రోజులు, ఒకోసారి మూడు. నాకు కావాల్సినవి వంద తరాలు. సార్‌ను అడిగితే, "అదే కదమ్మా నీ ప్రాజెక్టు, తొందరగ అయ్యే ఉపాయం చూడు" అన్నరు.

ఒక ఆదివారం పగటీలి అన్నాలు తిన్నంక, ఇంక లెక్క తేలని ఒక తరం ఆకారాలన్నిటిని కాగితాల మీద ముద్రించి తెచ్చి ముందటి అర్రల నేల మీద పరుచుకొని కూసున్న. కండ్లు మూతలు పడుతున్నయి. మామ చెయ్యి తుడుచుకుంట వచ్చి నిలబడ్డడు.

"ఏంది బిడ్డా గివి? చేపలా?"

"రెక్కలు మామ. విమానం రెక్కను కోస్తే గిట్ల కనబడ్తది."

కూసోని ఒకటి చేతులకు తీస్కున్నడు. నేను తరాల సంగతి, లెక్క సంగతి అంత చెప్పిన. ఆయన విన్నడు. వాళ్ల నాయిన విత్తనానికి జొన్నకంకులు ఎట్ల ఏరేటోడో చెప్పిండు. తర్వాత ఒక మాట అడిగిండు.

"విత్తనం ఏరేటోడు ప్రతి కంకిని దంచి సూస్తడా? కంటితోని సూసి కానిదాన్ని పక్కకు పెడ్తడు. మిగిలినదాన్నే గదా సేతుల పట్టేది. నీ కంప్యూటర్ అన్నిట్ని ఎందుకు దంచుతున్నది?"

"కంటితోని చూస్తే ఎట్ల తెలుస్తది మామ? గాలి కనబడదు కదా."

ఆయన కాగితాల దగ్గరకు జరిగిండు. ఒక్కొక్క కాగితం తీసి చూసుడు మొదలువెట్టిండు. కొన్ని ఇటు, కొన్ని అటు. కొన్నింటిని మలిపి వెలుతురుకు పట్టి, ముక్కు కాడ నుంచి తోక దాక వేలితోని గీత గీసినట్టు పోనిచ్చి, "గిది గాదు" అని పక్కకు పెట్టిండు. అట్ల నలభైల ఇరవై ఆరు పక్కకు పోయినయి. నేను నవ్విన. అయినా ఆ కాగితాల మీద పెన్సిల్‌తోని గుర్తులు పెట్టుకున్న.

గురువారం దాక లెక్కలన్ని పూర్తయినయి. మామ పక్కన పెట్టిన ఇరవై ఆరింటిల ఒక్కటి తప్ప మిగిలినవన్ని, మంచి నుంచి చెడ్డకు పేర్చిన పట్టీల అడుగున ఉన్నయి. ల్యాబుల ఆ పట్టీని రెండుసార్లు సరిచూసి, నాచారం బస్సుల నిలబడి మూడోసారి చూసిన.

ఆ దినం నుంచి మూడు నెలలు మా ఇంట్ల అదే పని. మామ డ్యూటీ నుంచి వచ్చి చాయ్ తాగంగనే నేను కాగితాలు ముందటేసేదాన్ని. ఎందుకు కాదంటున్నవో చెప్పు అని సతాయించేది. మొదలు చెప్పరాకపోయేది ఆయనకు. "జర కసరుగ ఉన్నది" అనేటోడు. కసరు అంటే ఎక్కడ కసరు అని అడిగితే పనిముట్ల పెట్టెల నుంచి చెక్కను నున్నగ చేసే రంద తీసి, ఒక చెక్క మీద నారకు ఎదురు దిక్కు తోసి చూపించేటోడు. పొర లేసి చిరుగుతది. "గిట్ల. వీపు ఎత్తు దాటినంక ఒక్కపాలి కిందికి దిగితే గాలి దాన్ని పట్టుకోని ఉండలేదు. ఇడిసిపెడ్తది. పంపుల నీళ్లు ఇడిసిపెట్టినట్టు." నేను ఆ మాటను కొలత చేసేదాన్ని. వీపు ఎత్తు ఎక్కడున్నది, దాని వెనక ఎంత వాలుగ దిగుతున్నది, ముక్కు ఎంత గుండ్రం. మామ మాటలు, అంతకుముందు కంప్యూటర్ తేల్చిన లెక్కలు కలిపి ఒక అందాజ సూత్రం తయారు చేసిన. కొత్త ఆకారం పుట్టంగనే ముందు ఆ సూత్రం చూస్తది, కంటి రెప్ప కొట్టినంతల. పనికొస్తదనిపించిన పదింటినే పెద్ద లెక్కకు పంపిస్తది. ప్రోగ్రాముల ఆ భాగానికి 'మామ' అని పేరు పెట్టుకున్న. రెండు రోజులు పట్టే తరం ఒక పూటల అయితుండె.

అట్లని మామ ఎప్పుడూ తప్పు చెప్పలేదని కాదు. మొదటిసారి పక్కన పెట్టినవాటిల ఒక్కటి మంచిదని తేలింది కదా, దాని తోక సన్నగ, చివరకు కిందికి వంగి ఉండె. మామ దాన్ని ఒప్పుకోలే. "నీ కంప్యూటర్ తప్పు జెప్తున్నది" అన్నడు. నేను కూడ ఊకోలే. అత్త లోపట నుంచి, "మామ కోడలు ఒక రెక్క కోసం పీక్కుంటున్నరు, బియ్యం ఎవరు కడుగుతరు" అని అరిచింది. మరుసటి రోజు మామ ఆ కాగితాన్ని డ్యూటీకి తీస్కపోయిండు. సాయంత్రం వచ్చి, "నీళ్ల తీరు వేరే, గాలి తీరు వేరే ఉన్నట్టున్నది. నేను కాదన్నవాటిల కూడ రెండు మూడు ఉంచు, నా కండ్లను గంతగనం నమ్మకు" అన్నడు. అందుకే ప్రతి తరంల సూత్రం వద్దన్నవాటిల నుంచి మూడింటిని చీటీ తీసినట్టు తీసి పెద్ద లెక్కకు పంపేటట్టు మార్చిన. ఆఖరికి గెలిచిన ఆకారం అట్ల చీటీల బతికిన ఒకదాని మనుమరాలు.

ఆ ఆకారాన్ని విండ్ టన్నెల్‌ల పెట్టి చూడాలె. మా కాలేజిల ఒక చిన్న టన్నెల్ ఉండె. పెద్ద గొట్టం, ఒక చివర ఫ్యాన్, నడుమ అద్దాల కిటికీ. ఆ కిటికీ వెనక రెక్క పెట్టి గాలి వదిలితే అది ఎంత లేస్తున్నది, ఎంత గుంజుతున్నదో ముల్లు చూపిస్తది. మూరెడు పొడుగున్న రెక్కను బయట చేయిస్తమని సార్ అన్నరు. మామ వినంగనే, "బయట ఎందుకు?" అన్నడు. తర్వాత మూడు ఆదివారాలు ఇంటి ముందటి రేకుల కింద కూసోని చెక్కిండు. టేకు చెక్క. అట్టతోని ఆకారం కోసిచ్చిన. దాన్ని పక్కకు పెట్టి చూసుకుంట, రంద, ఉలి, ఆఖరికి గరుకు కాగితం. నేను పొట్టు ఊడుస్త, ఆయన చెక్కుతడు. మూడో ఆదివారం సాయంత్రానికి రెక్క తయారైంది. చేతుల పెట్టుకుంటే చల్లగ, నున్నగ, ఇంతకుముందు ఎన్నడూ తాకని వస్తువు లెక్క ఉండె.

నా ప్లాస్టిక్ స్కేలుతోని కొలిచిన. నాలుగు మిల్లీమీటర్లు పొడుగున్నది. మళ్లా కొలిచిన. అంతే ఉన్నది. టన్నెల్ గోడల నడుమ అది పట్టదు.

మామ తన స్కేలు తీసి కొలిచిండు. సరిపోయింది. రెండు స్కేళ్లు పక్కపక్కన పెట్టి చూసినంక ఆయన ముఖం మారిపోయింది. కరిగిన ఇనుము చల్లారితే కుంచించుకపోతది. అందుకే ప్యాటర్న్ మేకర్ల స్కేలు మీద గీతలే కొంచెం ఎడంగ కొట్టి ఉంటయట. ఇరవై ఏండ్లు ఆ స్కేలే చేతుల ఉన్న మనిషికి ఇది పోత పొయ్యని రెక్క అని యాదికి రాలే.

"అంచులు కొంచెం కోస్తే సరిపోదా మామ?" అన్న.

"పొడుగు కోస్తవు. వెడల్పు? మందం? అంత పెద్దగనే ఉన్నది బిడ్డా. ఇది నువ్వు గీసిన ఆకారం కాదు ఇప్పుడు."

ఆ రెక్కను గోడకు ఆనిచ్చి లోపటికి పోయిండు. అన్నం సరిగ్గ తినలే. సోమవారం ఫౌండ్రీల లీవు పెట్టిండు. నా ప్లాస్టిక్ స్కేలు అడిగి తీస్కోని కొత్త చెక్క పట్టిండు. మూడు ఆదివారాల పనిని నాలుగు రోజులల్ల చేసిండు.

టెస్టు దినం ఆయనను కూడ కాలేజికి తీస్కపోయిన. ఇస్త్రీ అంగి తొడుక్కున్నడు. బస్సుల రెక్కను ఒడిల పెట్టుకొని కూసున్నడు, పక్క సీటాయన అది ఏందని అడిగితే, "ఇమానం ముక్క" అని చెప్పిండు. సార్ రెక్కను తిప్పి చూసి, "ఫినిషింగ్ చాలా బాగుంది" అన్నరు. అటెనుక నాతోని ఇంగ్లీషుల మాట్లాడుకుంట ఉన్నరు. మామ గోడ దగ్గర నిలబడ్డడు. కూర్చోమని ఎవరూ అనలే. నేను కూడ అనలే, ముల్లుల దిక్కే నా ధ్యాస.

గాలి తీరు కనబడాలని రెక్క మీద దారం ముక్కలు అంటించినం. అత్త కుట్టుమిషన్ దగ్గరి ఎర్ర దారమే. ఫ్యాన్ తిరిగింది. దారాలన్ని ఒక్కసారి లేసి వెనక్కి తిరిగి, రెక్కకు అతుక్కొని పండుకున్నయి. ముక్కు నుంచి తోక దాక ఒక్క దారం అల్లాడలే. మామ ఎప్పుడు ముందుకు వచ్చిండో తెల్వదు, అద్దానికి ముఖం ఆనిచ్చి నిలబడ్డడు.

"సూసినవా" అన్నడు మెల్లగ. "ఏడ ఇడిసిపెట్టలే. గాలి ఏడ ఇడిసిపెట్టలే."

పుస్తకాలల్ల ముందు నుంచి ఉన్న రెక్క ఆకారం కంటె మా రెక్క మెరుగని ముల్లు కూడ చెప్పింది. తిరిగొచ్చేటప్పుడు మామ ఉప్పల్‌ల దిగి మిర్చి బజ్జీలు కొని, "మీ అత్తకు వేడివేడిగ ఇద్దాం" అని నాచారం దాక పొట్లం గుండెలకు పట్టుకున్నడు.

థీసిస్ రాసేటప్పుడు మొదటి పేజీల ధన్యవాదాలల్ల, ఈ పద్ధతి ఆలోచన నాచారంల ప్యాటర్న్ మేకర్‌గ పనిచేసే నా మేనమామదని రాసిన. సార్ ఎర్రపెన్నుతోని కొట్టేసిన్రు. కోపంగ కాదు. "ఇది థీసిస్ అమ్మా. ఇంట్ల వాళ్లు చూసి చెప్పిన్రంటే వైవాకు వచ్చేటాయన నవ్వుతడు. వడపోత గణితం రాయి, సరిపోతది" అన్నరు. నేను ఊకున్న. ప్రోగ్రాముల 'మామ' అన్న పేరు తీసేసి 'ప్రాథమిక వడపోత' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట పెట్టిన. ధన్యవాదాలల్ల 'కుటుంబసభ్యులకు' అని ఒక్క మాట మిగిలింది. నల్లట్ట కట్టిన పుస్తకం మామ చేతుల పెట్టినప్పుడు రెండు చేతులతోని తీస్కోని టీవీ మీద పెట్టిండు.

ఆ ఏడే నాకు బెంగుళూరుల ఉద్యోగం వచ్చింది. రెక్కల పనే. కానీ అక్కడ రెక్క చేతికి రాదు. ఆకారం తెర మీద పుట్టి, తెర మీద నుంచే ఏ దేశంలనో ఉన్న మిషన్‌కు పోతది. కంప్యూటర్లు మస్తు వేగం. ఒక్కదాన్నే గదిల ఉండేది. ఆదివారం పగటీలి అన్నం తిన్నంక ఏం తోచకపోయేది. టేకు పొట్టు వాసన ఎక్కడన్న వస్తదేమో అని ఒకసారి కట్టెల అడితి ముంగటి నుంచి పనిలేకున్నా రెండుసార్లు తిరిగిన. ఫోన్ చేస్తే మామ, "ఏం ఆకారం వచ్చింది బిడ్డా ఈ వారం?" అని అడిగేటోడు. కంపెనీ ఆకారాలు బయటికి చెప్పొద్దు. "మంచిగనే వచ్చింది మామ" అనేదాన్ని. కొన్నాళ్లకు అడుగుడు బందు చేసిండు.

అటెనుక ఫౌండ్రీలకు కూడ మిషన్‌లు వచ్చినయి. ప్యాటర్న్‌ను కంప్యూటర్‌ల గీస్తే మిషనే కోస్తున్నది. మామను ఎవరూ తీసెయ్యలే, పని తగ్గి తగ్గి ఆయనే బయటికి వచ్చిండు. దమ్మాయిగూడ, నాగారం దిక్కు కొత్త కాలనీలు లేస్తున్నయి. అక్కడ ఇండ్లకు తలుపులు, దర్వాజలు చేసుడు మొదలువెట్టిండు. ఉద్యమం రోజులు అవి. ఒకపారి రైళ్లు బందైతే, ఇంకోపారి నాకు లీవు దొరకకపోయేది. ఏడాదిన్నర పోలేకపోయిన.

పోయిననాడు మామ ఇంట్ల లేడు. అత్త టీవీ మీద దుమ్ము తుడుస్తుంటే నా పుస్తకం కనబడ్డది. "ఇంక ఇక్కడనే ఉన్నదా" అన్న.

అత్త బట్ట ఆపింది. "నువ్వు పోయినంక ఒకనాడు పక్కింటి పంతులును పిలిచి మొదటి పేజీ సదివిచ్చుకున్నడు. పంతులు అందరి పేర్లు సదివిండు. మీ మామ మళ్లొకపాలి సదువు సారూ అన్నడు. సదివిండు. పుస్తకం తీసి మళ్లా టీవీ మీద పెట్టిండు."

నేను చాయ్ అక్కడనే పెట్టి ఆటో ఎక్కిన. దమ్మాయిగూడల ఇంక సున్నం వెయ్యని ఒక ఇంట్ల మామ దర్వాజ బిగిస్తున్నడు. నన్ను చూసి నవ్విండు. జుట్టంత తెల్లబడ్డది.

"పుస్తకం సంగతి అత్త చెప్పింది మామ."

ఉలి మీద సుత్తె ఆగలే.

"నీ సంగతి రాసిన. సార్ కొట్టేసిన్రు. నేను ఊకున్న."

"ఊకుంటివి మరి" అన్నడు. ఇంక రెండు దెబ్బలు కొట్టి ఉలి కింద పెట్టిండు. "గప్పుడు బాధైంది బిడ్డా. అబద్ధం ఎందుకు జెప్పాలె. పేరు కోసం కాదు. నేను జేసింది నీ లెక్కల ఉన్నదో లేదో తెల్వకపాయె."

"ఉన్నది మామ. ఇప్పటికీ నేను చేసే ప్రతి పనిల నువ్వు చెప్పిందే ముందు నడుస్తది."

ఆయన తలకాయ ఊపిండు. అన్నం తిన్నవా అని అడిగిండు. సద్ది విప్పి ఇద్దరం ఇసుక కుప్ప మీద కూసోని తిన్నం. తింటుంటే ఆశతోని అడిగిన, కొత్త ఆకారం ఒకటి నా సొంతానికి గీసిన, ఇంకొక్క రెక్క చెక్కుతవా అని.

"గా పని చెయ్యాల్నంటే పొద్దుగాల లేసినప్పటిసంది అదే యాదిల ఉండాలె. ఇప్పుడు నాకు దర్వాజలే కలలకొస్తున్నయి" అన్నడు. అన్నంల పెరుగు కలుపుకుంట, "సెయ్యి కూడ గట్ల తిరుగుతలేదు. కరాబు చేస్త. వద్దు" అన్నడు. నేను ఇంక అడగలే.

తర్వాత రెండేండ్లకు నేను రాసిన ఒక వ్యాసంల ఈ వడపోత ఎవరి కంటి నుంచి వచ్చిందో ఒక వాక్యం రాసిన. ఈసారి ఎవరూ కొట్టెయ్యలే. దాన్ని తెచ్చి చదివి వినిపిస్తే మామ, "మంచిగ రాసినవు" అని, ఆ కాగితాన్ని మలిచి అంగి జేబుల పెట్టుకున్నడు. అంతకుమించి ఆయన ఏమంటడని నేను అనుకున్ననో నాకే తెల్వదు. కానీ ఇంకేదో కావాలె అనిపించింది.

రాష్ట్రం వచ్చిన జూన్‌ల రెండు రోజులు లీవు పెట్టి వచ్చిన. ఉప్పల్ నుంచి నాచారం దాక రోడ్డు మీద గులాబీ రంగు, డప్పులు. మా గల్లీల ఆడోళ్లు ఆడుతున్నరు, అత్త కూడ ఆడుతున్నది. మామ, నేను గడప మీద కూసున్నం. ఆయన చేతుల చాయ్ గిలాస.

"ఇప్పుడు ఒక రెక్కకు ఎన్ని దినాలు పడ్తున్నది బిడ్డా?"

"దినాలు కాదు మామ. ఒక పూట."

"మంచిదే" అన్నడు. డప్పులు గల్లీ మలుపు తిరిగి దూరమైనంక మళ్లా అడిగిండు. "గప్పుడు మనకు?"

"మూడు నెలలు."

"మూడు నెలలు" అని తనలో తను అనుకున్నడు. "మస్తుండె."

ఉద్యోగం విడిచిపెట్టి ముందటి అర్రల మళ్లా కాగితాలు పరుచుకుంట అని ఒక మాట నాలుక దాక వచ్చింది. ఆ మాట నిజం కాదని ఇద్దరికీ తెలుసు. గిలాస ఇటియ్యి మామ, కడిగొస్త అన్న. రాత్రి బండికి బెంగుళూరు టికెట్ ఉండె. స్టేషన్ దాక వస్తనని ఆయన చెప్పులేసుకున్నడు.